ఈమెయిలు మేల్విలాసము



ఉత్తరముపై మేల్విలాసము కొంచెము తప్పినను, తపాలా బంట్రోతు ఊరిలో విచారించి యింటికి దెచ్చి యిచ్చును. ఈమెయిలునకు అట్టి దయ లేదు. ఒక్క గుర్తు తప్పిన చాలును, జాబు పరులకు జేరును. లేదా ఎవ్వరికిని జేరదు.

మా విడపనకల్లులో వానలు లేక శనగపంట యెండిన యేడు, పొరుగింటి బాలిక విద్యార్థి వేతనమునకు దరఖాస్తు పెట్టినది. ఆమె మేల్విలాసమున రెండు పదముల నడుమ అడుగుగీత కలదు. కాగితముపై అచ్చుగీతమీద వ్రాయుటచే అది యందు గలిసిపోయెను. గుమాస్తా రెండు పదములను గలిపి యెక్కించెను. జాబు రాలేదు, గడువు దాటెను. నాటినుండి మేమీ నియమములను శ్రద్ధగా నేర్చుకొంటిమి.

మేల్విలాసమునకు పేరు, ఊరు అన్నట్లు రెండు భాగములు. నడుమ @ గుర్తు. అమెరికావాసి రే టామ్లిన్సన్ దీనిని 1971లో మొదట వాడెను.

పేరు భాగమున ఆంగ్లాక్షరములు, అంకెలు, చుక్క, అడ్డుగీత, అడుగుగీత, కూడిక గుర్తు చెల్లును. #, $, %, & వంటివియు శాస్త్రసమ్మతములే గాని, పెక్కు సంస్థలు వానిని అంగీకరింపవు. చుక్క మొదటను గడపటను రాదు. రెండు చుక్కలు ప్రక్కప్రక్కన నుండరాదు. పదముల నడుమ ఖాళీ విడువరాదు. ఈ భాగము 64 అక్షరములను మించరాదు.

ఊరి భాగమున అక్షరములు, అంకెలు, అడ్డుగీత, చుక్క మాత్రమే చెల్లును. అడ్డుగీత పదమునకు మొదట గాని చివర గాని నిలువదు. అడుగుగీతకు అచ్చట చోటు లేదు.

తెలుగక్షరములు పనికిరావా యని మీరడుగవచ్చును. 2012లో వెలువడిన ప్రమాణములు మన లిపికిని ద్వారము దెఱచినవి. తెలుగులో ‘.భారత్’ అను కొనపదమును గలదు. అయినను ఊరి భాగమున నే పదమును గుణింతపు గుర్తుతో మొదలు కారాదు. హల్లు లేని గుడి యెట్లు నిలుచును? బళ్ళారి మాకు చేరువ గనుక, జ, బ, ల వంటి అక్షరములు కన్నడమునను నించుమించు ఒకే రూపున నుండుట మేమెఱుగుదుము. ఈ పోలికవలన మోసము గలుగకుండ కొనపదములకు 2019లో ప్రత్యేక నియమము లేర్పడినవి. తెలుగు మేల్విలాసమును అన్నిచోట్ల ఇంకను గైకొనరు గావున, దరఖాస్తులకు ఆంగ్లాక్షరములే క్షేమము.

మీ బిడ్డలకు మేల్విలాస మేర్పఱచునపుడు అక్షరములు, అంకెలతో సరిపెట్టుడు. సున్నకును ‘ఓ’ అక్షరమునకును భేదము తెలియునట్లు వ్రాయుడు. అడుగుగీత యున్నచో ప్రక్కన మాటలలోను దెలుపుడు. వ్రాసిన పిదప నొకసారి పైకి జదివి చూచుకొనుడు.

ఆ బాలిక గీతలు లేని క్రొత్త మేల్విలాసముతో ఈ యేడు మరల దరఖాస్తు పెట్టినది. ఆమెతోపాటు మేమును జాబునకై యెదురుచూచుచున్నాము.