ఉక్కు కార్మికుడి ఊపిరిలో రాతినార

రాతినార భూమిలో సహజంగా దొరికే పీచు ఖనిజం. వాడుకలో అందరూ ఆస్‌బెస్టాస్ అనే అంటారు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ దీని నిక్షేపాలున్నాయి. నిప్పుకు కాలదు, వేడిని అవతలికి పోనివ్వదు, దూదిలా వడికి గుడ్డ నేయవచ్చు, పైగా చవక. ఇన్ని గుణాలున్న సరుకును ఇరవయ్యో శతాబ్దపు ఉక్కు మిల్లులు విరివిగా వాడుకున్నాయి.

ఉక్కు కరగాలంటే సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ వేడి పక్కన మనుషులు పనిచేయాలంటే ఏదో ఒక అడ్డు ఉండి తీరాలి. అందుకని ఆవిరి గొట్టాలకు, బాయిలర్లకు రాతినార చుట్టారు. కోక్ ఓవెన్ తలుపుల సందుల్లో రాతినార తాళ్లు కూరారు. జాయింట్లలో గ్యాస్కెట్లు, వాల్వుల్లో ప్యాకింగు, క్రేన్లలో బ్రేకు లైనింగు, అన్నిట్లో అదే. కొలిమి ముందు నిలబడేవారికి ఇచ్చిన చేతి తొడుగులు, ఏప్రాన్లు కూడా దానితో నేసినవే. ఒంటిని కాపాడాల్సిన ఆ బట్టే పాతబడి చిరుగుతున్నకొద్దీ ముక్కు దగ్గర పీచు రాల్చింది.

చెక్కుచెదరకుండా ఉన్న రాతినార నుంచి పీచు పెద్దగా గాలిలోకి రాదు. విరిచినప్పుడు, గీకినప్పుడు, కోసినప్పుడు లేస్తుంది. కాబట్టి ముప్పంతా ఎక్కువగా మరమ్మతు పనుల్లోనే. షట్‌డౌన్ రోజున ఫిట్టర్ ఒక జాయింటు విప్పుతాడు. పాత గ్యాస్కెట్ ఫ్లాంజికి అతుక్కుపోయి ఉంటుంది. ఉలితో లేపి, వైరు బ్రష్షుతో రుద్ది, మిగిలిన పొడిని ఎయిర్ హోసుతో ఊదేస్తాడు. పని కాసేపట్లో అయిపోతుంది. లేచిన పీచు మాత్రం కంటికి ఆనదు, గంటల తరబడి గాలిలో తేలుతుంది. పక్కన వెల్డింగు చేసేవాడు, కింద ఊడ్చే కాంట్రాక్టు కూలీ కూడా ఆ గాలే పీలుస్తారు. పనిబట్టలు దులిపి ఉతికిన భార్యలకు జబ్బు వచ్చిన ఉదంతాలు కూడా వైద్య గ్రంథాల్లో నమోదయ్యాయి.

పీల్చిన పీచులో పొట్టి పోగులను ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలు మింగి తొలగిస్తాయి. పొడవాటివి వాటికి లొంగవు. మింగబోయిన కణమే దెబ్బతిని, చుట్టూ వాపు పుట్టిస్తుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే మెత్తటి ఊపిరితిత్తి మచ్చలు కట్టి బిరుసెక్కుతుంది. దీన్నే ఆస్‌బెస్టోసిస్ అంటారు. మెట్లెక్కితే ఆయాసం, విడవని పొడి దగ్గు, కొందరికి వేళ్ల చివర్లు ఉబ్బడం దీని లక్షణాలు. బిరుసెక్కిన భాగం మళ్లీ మామూలు కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్, స్వరపేటిక క్యాన్సర్ కూడా రావచ్చు. అన్నిటికంటే దారుణమైనది మీసోథీలియోమా, అంటే ఎక్కువగా ఊపిరితిత్తుల పైపొరకు పట్టే క్యాన్సర్. ఇది అరుదు. వచ్చిందంటే మాత్రం చాలావరకు రాతినారే కారణం. జబ్బు బయటపడ్డాక ఎక్కువమంది ఏడాది, ఏడాదిన్నరకు మించి బతకరు.

పొగతాగే అలవాటు తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అమెరికాలో ఇన్సులేషన్ కార్మికుల మీద ఇర్వింగ్ సెలికాఫ్ బృందం 1979లో ప్రచురించిన లెక్క చూడండి. పొగ అలవాటూ, రాతినార పనీ లేనివారితో పోలిస్తే ఈ క్యాన్సర్ మరణాలు రాతినార ఒక్కటే ఉన్నవారిలో సుమారు 5 రెట్లు, పొగ ఒక్కటే ఉన్నవారిలో సుమారు 11 రెట్లు, రెండూ ఉన్నవారిలో 50 రెట్లకు పైగా ఉన్నాయి.

ఈ జబ్బులు వెంటనే పట్టుబడవు. మీసోథీలియోమా 20 నుంచి 50 ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి కార్మికుడు రిటైరై ఉంటాడు, కొన్నిచోట్ల మిల్లే మిగలదు. అమెరికాలో బాల్టిమోర్ పక్కనున్న స్పారోస్ పాయింట్ 1950ల చివర్లో ప్రపంచంలోకెల్లా పెద్ద ఉక్కు మిల్లు. 2012లో మూతపడింది. ఉక్కు, ఓడల, నిర్మాణ కార్మికులు రాతినార సరుకు అమ్మిన కంపెనీల మీద బాల్టిమోర్‌లో వేసిన కేసులు ఎంతగా పేరుకుపోయాయంటే, కోర్టు 8,500కు పైగా కేసులను కలిపి 1992లో ఒకే విచారణ జరిపింది. తెలియక జరిగిన పొరపాటని దీన్ని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. రాతినార దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుందని బ్రిటన్ ప్రభుత్వ నివేదిక 1930లోనే చెప్పింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో సంబంధాన్ని బ్రిటిష్ వైద్య పరిశోధకుడు రిచర్డ్ డాల్ 1955లో చూపించారు.

బ్రిటన్ రాతినారలోని తెల్ల రకాన్ని 1999లో, అమెరికా 2024లో నిషేధించాయి. భారత్ నిషేధించలేదు, దిగుమతి చేసుకుని ప్రధానంగా సిమెంటు రేకుల తయారీలో వాడుతోంది. కొలిముల దగ్గర సిరామిక్ ఫైబర్, గ్లాస్ ఫైబర్ వంటివి వచ్చినా, పాత గొట్టాల మీద, పాత షెడ్లలో రాతినార మిగిలి ఉండవచ్చు. విప్పే ముందు పరీక్ష చేయించాలి. తడిపి తీయాలి, సరైన మాస్కు లేనిదే ముట్టుకోకూడదు.

భారత్‌లో ఆస్‌బెస్టోసిస్ చట్టప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి. రాతినార పరిశ్రమలు కార్మికుల ఆరోగ్య రికార్డులను చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాంట్రాక్టర్లు మారినప్పుడల్లా పనిచోటు మారే కూలీకి అలాంటి రికార్డు దొరకడం కష్టం. అందుకే ఉక్కు మిల్లులో పనిచేసినవారు ఆయాసంతో ఆసుపత్రికి వెళితే ఏ విభాగంలో (షాపులో), ఏ పని, ఎన్నేళ్లు చేశారో డాక్టరుకు ముందే చెప్పాలి. గేటు పాసులు, జీతం చీటీలు పారేయకుండా దాచుకోవాలి. పరిహారం అడగాల్సి వస్తే ఆ పని చేశారనడానికి అవే రుజువు.