కుష్ఠు మచ్చలో కణజాల రసాయన మార్పులు – చికిత్స తరువాత కూడా అప్రమత్తత అవసరం

మహాత్మాగాంధీ వర్ధంతి అయిన జనవరి 30వ తేదీని ఏటా దేశమంతటా కుష్ఠు వ్యతిరేక దినంగా పాటిస్తున్నారు. పదివేల జనాభాకు ఒక కేసు కంటే తక్కువ ఉండాలన్న లక్ష్యాన్ని భారతదేశం 2005 డిసెంబరులో జాతీయ స్థాయిలో సాధించింది. అయినప్పటికీ కొత్త కేసులు నేటికీ నమోదవుతూనే ఉన్నాయి. ఈ వ్యాధి చర్మంపై మచ్చగా కనిపించినా, శాశ్వత నష్టం నాడులకు కలుగుతుంది. మచ్చలోని కణజాలంలో జరిగే మార్పులు తెలిస్తే, స్పర్శ ఎందుకు పోతుందో, మందుల కోర్సు పూర్తయిన తరువాత కూడా కొందరిలో మచ్చలు ఎందుకు ఎర్రబడతాయో అర్థమవుతుంది.

స్పర్శ కోల్పోవడానికి కారణం

వ్యాధికారక బాక్టీరియాను 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించారు. దీని పైపొరలో ఫినాలిక్ గ్లైకోలిపిడ్-1 అనే ప్రత్యేకమైన కొవ్వు పదార్థం ఉంటుంది. నాడీతంతువులను చుట్టి ఉండే ష్వాన్ కణాల వెలుపలి పొరలోని లామినిన్-2 అనే ప్రోటీన్‌కు ఇది అతుక్కొంటుంది. ఆ విధంగా క్రిమి నాడిలోకి ప్రవేశిస్తుంది. నాడీతంతువులు దెబ్బతినడంతో మచ్చపై స్పర్శ తగ్గి, చెమట పట్టక చర్మం పొడిబారుతుంది. మెలనిన్ తగ్గడం వలన మచ్చ పాలిపోయినట్లు కనిపిస్తుంది. నొప్పి, దురద లేనందువలననే చాలామంది దీనిని నిర్లక్ష్యం చేస్తారు.

ఒకే క్రిమి – రెండు రూపాలు

మచ్చ స్వరూపం రోగి నిరోధక శక్తిపై ఆధారపడి ఉంటుంది. నిరోధక శక్తి బలంగా ఉన్నవారి మచ్చలో ఇంటర్‌ఫెరాన్-గామా, ఇంటర్‌ల్యూకిన్-2 అనే రసాయన సంకేతాలు అధికంగా ఉంటాయి. రక్షణ కణాలు గుంపులుగా చేరి క్రిములను దాదాపు పూర్తిగా నశింపజేస్తాయి. అయితే ఆ పోరులో నాడి కూడా దెబ్బతింటుంది. ప్రతిఘటన బలహీనంగా ఉన్నవారిలో ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-10 ప్రబలంగా ఉంటాయి. భక్షక కణాలు క్రిములను మింగినా చంపలేవు. అవి కొవ్వుతో నిండి, సూక్ష్మదర్శినిలో నురుగువలె కనిపిస్తాయి. ఈ రెండింటి మధ్యనున్న దశలను కలిపి రిడ్లే, జాప్లింగ్ 1966లో వ్యాధిని ఐదు తరగతులుగా విభజించారు.

ప్రయోగశాల పరీక్ష

చర్మపు ముక్కను పరీక్షకు సిద్ధం చేసే రసాయనాలు క్రిమి పైపొరలోని కొవ్వును కరిగించివేస్తాయి. అప్పుడు సాధారణ రంజన పద్ధతిలో క్రిమి రంగును నిలుపుకోలేదు. అందువలన ఫైట్ పద్ధతిలో వేరుశనగ నూనె కలిపిన జైలీన్‌ను, బలం తక్కువైన ఆమ్లాన్ని ఉపయోగిస్తారు.

చికిత్స, ప్రతిచర్యలు

రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్‌లతో కూడిన బహుళ ఔషధ చికిత్సను క్రిములు తక్కువగా ఉన్నవారికి ఆరు నెలలు, ఎక్కువగా ఉన్నవారికి పన్నెండు నెలలు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. క్లోఫజిమిన్ కణజాలంలో నిల్వ చేరడం వలన చర్మం ఎరుపు, గోధుమ రంగులోకి మారుతుంది. మందు ఆపిన తరువాత కొన్ని నెలలలో ఇది క్రమంగా తగ్గుతుంది.

మందులు క్రిములను చంపినా, వాటి అవశేషాలు కణజాలంలో చాలాకాలం ఉంటాయి. వాటిపై శరీరం ఒక్కసారిగా ప్రతిస్పందిస్తే పాత మచ్చలు ఎర్రబడి ఉబ్బుతాయి, నాడులు నొప్పి పెడతాయి. మరికొందరిలో జ్వరంతోపాటు నొప్పితో కూడిన గడ్డలు వస్తాయి. ఇట్టి ప్రతిచర్య కనిపించినంత మాత్రాన మందులు వికటించినట్లు గాని, వ్యాధి తిరగబెట్టినట్లు గాని భావించరాదు. కోర్సు నడుస్తుంటే దానిని ఆపరాదు. వైద్యుని పర్యవేక్షణలో సకాలంలో ప్రెడ్నిసొలోన్ వంటి మందులు వాడితే నాడులను కాపాడవచ్చు. ఆలస్యమైతే వేళ్లు వంకరపోవడం, పాదం జారిపోవడం, కనురెప్ప మూతపడకపోవడం వంటి వైకల్యాలు శాశ్వతం కాగలవు.

కాబట్టి చికిత్స ముగిసిన ప్రతి వ్యక్తికి ఈ లక్షణాలను వివరించి, అవి కనిపించిన వెంటనే ఆరోగ్య కేంద్రానికి రావలసిందిగా క్షేత్రస్థాయి సిబ్బంది చెప్పవలసి ఉంటుంది. ప్రతిచర్యను మందుల వైఫల్యంగా చిత్రించే వార్తలు రోగులను చికిత్సకు దూరం చేస్తాయి. ఈ తేడాను ప్రజలకు తెలియజెప్పడంలో పాత్రికేయుల పాత్ర కీలకమైనది.