టీకా వద్దన్నవారికి ఆసుపత్రి, బీమా

“మా అబ్బాయికి తొమ్మిదేండ్లు. చిన్ననాట టీకాలు వేయించలేదు. ఇప్పుడు కుటుంబమంతటికీ ఆరోగ్యబీమా తీసుకొనదలచాము. సంగతి తెలిసినచో కంపెనీవారు పాలసీ నిరాకరింతురా? ఆసుపత్రిలో చేర్చుకొనరా?” అని ఒక సోదరి వ్రాసినారు. కోవిడ్ కాలము నుండి ఈ సందేహము పలువురిని బాధించుచున్నది.

మొదట ఆసుపత్రి మాట. ప్రాణాపాయములో ఉన్నవానికి చికిత్స చేయుట వైద్యుని విధి యని మన సుప్రీంకోర్టు 1989లోనే చెప్పినది. అట్టి స్థితిలో టీకా కార్డు అడిగి వెనుకకు పంపుటకు వీలులేదు. కోవిడ్ టీకా వేయించుకొనుమని ఎవరినీ బలవంతపెట్టరాదని 2022 మే 2న అదే న్యాయస్థానము తీర్పునిచ్చినది. అయితే ప్రజారోగ్యము కొరకు ప్రభుత్వము సమంజసమైన ఆంక్షలు విధింపవచ్చుననియు అన్నది. ఈ రెండవ మాటను మనవారు మరచుచుందురు.

ఇక బీమా. పాలసీలు వర్తింపని సందర్భములను బీమా నియంత్రణ సంస్థ 2019లో ఒక పద్ధతికి తెచ్చినది. ఆ జాబితాలో టీకా వేయించుకొనకపోవుట లేదు. కాని మన పాఠకులకు తగులునవి కొన్ని కలవు: ప్రకృతి చికిత్సాలయములలోను స్పాలలోను పొందిన చికిత్స, వైద్యుని చీటీ లేక కొన్న బలవర్ధక ద్రవ్యములు, నిరూపణ కాని చికిత్సలు. పాలసీ తీసుకొన్న మొదటి 30 దినములలో వచ్చిన వ్యాధికి, ప్రమాదమైననే తప్ప, సొమ్ము రాదు. దరఖాస్తులో టీకాల ప్రశ్న ఉన్నచో ఉన్నదున్నట్లు వ్రాయవలెను.

ఆయుర్వేద చికిత్సను ఇతర వైద్యములతో సమానముగా చూడవలెనని బీమా కంపెనీలకు 2024 ఏప్రిల్ 1 నుండి నియమము వచ్చినది. నావంటివానికి సంతోషమే. కాని అది రోగము వచ్చి ఆసుపత్రిలో చేరినవారికి. టీకాకు బదులని ఇంట కాచుకొను కషాయమునకు కాదు.

సోదరి భయమునకు మూలము విదేశములనుండి వచ్చిన వార్తలై ఉండవచ్చును. సింగపూరులో 2021 డిసెంబరు 8 నుండి, అర్హత ఉండియు టీకా వద్దన్న కోవిడ్ రోగుల ఖర్చును ప్రభుత్వము పూర్తిగా భరించుట మానినది. చికిత్స ఆగలేదు, బిల్లు రోగికి వచ్చినది. అమెరికాలో డెల్టా విమానసంస్థ 2021 నవంబరు నుండి, తన బీమాలో ఉండి కోవిడ్ టీకా వేయించుకొనని ఉద్యోగులవద్ద నెలకు 200 డాలర్లు అదనముగా వసూలు చేసి, 2022లో మానుకొన్నది. మన దేశపు పిల్లల టీకాలకు వీనితో సంబంధము లేదు.

నన్ను ఎక్కువగా భయపెట్టునది దాపరికము. పిల్లవానికి తుప్పుపట్టిన మేకు దిగినది. డాక్టరు అడుగగా తల్లిదండ్రులు సిగ్గుపడి “అన్నీ వేయించాము” అందురు. ఆ మాట నమ్మిన వైద్యుడు ఒక టీకాతో సరిపెట్టవచ్చును, అసలే వేయకపోవచ్చును. ఏమియు వేయించలేదని తెలిసినచో టీకాతోబాటు, అప్పటికప్పుడు రక్షణనిచ్చు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడ ఇచ్చును. ధనుర్వాతము ఒకసారి వచ్చి తగ్గినను మరల రాకుండ కాపాడదు. గాయమువలన కలిగిన అపతానకము అసాధ్యమని సుశ్రుతుడే చెప్పినాడు. గురువుల వద్ద అది వల్లించిన మేము, నివారించు సాధనము చేతనుండగా వద్దని ఎట్లనగలము?

కుక్కకాటు ఇంకను కఠినము. నీటిని చూచి భయపడు లక్షణము కనబడిన పిదప బ్రదుకడనియు సుశ్రుతము చెప్పుచున్నది. నేటికిని ఆ స్థితికి మందు లేదు. కారము, సున్నము పెట్టక, సబ్బుతో ధారనీటిలో 15 నిమిషములు కడిగి, ఆనాడే ప్రభుత్వాసుపత్రికి పోవలెను. అక్కడ టీకా ఉచితము. అన్ని టీకాలు వద్దన్నవారు కూడ దీనిని వద్దనరాదు. మెడిక్లెయిములలో సాధారణముగా టీకా ఖర్చు రాదు గాని, కరచిన తరువాత వేయు టీకాను ఆమోదించు పాలసీలు కలవు, షరతులు చదువుకొనవలెను.

సోదరీ, పాలసీ వచ్చువరకు ఆగక అబ్బాయిని దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపొండు. ఈ వయస్సున వేయదగినవి ఇంకను ఉన్నవి. 10, 16 ఏండ్లకు వేయు టీడీ టీకా అక్కడ ఉచితముగా దొరకును. ఏది ఎప్పుడు వేసినదో కార్డులో వ్రాయించి, దానిని పాలసీ కాగితములతో ఒకే కవరులో ఉంచుకొనుడు.