రాత్రికి నాలుగుసార్లు లేస్తున్నారా?

2018 జనవరిలో సేద్యానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక మోటారు కోసం రాత్రిళ్లు లేచే బాధ తగ్గింది. అయినా సాగర్ ఎడమ కాలువ కింది మిర్యాలగూడ, కోదాడ పల్లెల్లో, ఇటు సూర్యాపేట వైపు పెద్ద వయసు రైతులు కొందరు మూడు నాలుగుసార్లు లేస్తూనే ఉన్నారు, మూత్రానికి. "వయసైపోయింది గదా" అని ఎవరికీ చెప్పరు.

మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. యాభై దాటాక చాలామందిలో ఇది పెరిగి నాళాన్ని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది, ఆగి ఆగి వస్తుంది. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు. కానీ రెండింటి లక్షణాలూ ఒకేలా ఉండొచ్చు, పరీక్ష చేయించుకోవాలి. షుగరు కూడా చూపించుకోండి, అదీ రాత్రిళ్లు లేపుతుంది.

లేవాల్సి వస్తుందని కొందరు పగలే నీళ్లు మానేస్తారు. ఎండలో గట్లు చెక్కేవారికి, మందు కొట్టేవారికి ఇది చేటు, కిడ్నీలో రాళ్లు పడతాయి. పగలు బాగా తాగండి, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించండి. పొద్దుగూకాక టీ, కల్లు, సారా వద్దు. ట్రాక్టరు వచ్చాక నడక తగ్గింది, పొలానికైనా నడిచి పోతే మేలు.

జలుబుకని దుకాణంలో అడిగి కొనుక్కునే కొన్ని బిళ్లలతో మూత్రం ఒక్కసారే బిగిసిపోవచ్చు. పొత్తికడుపు ఉబ్బి చుక్క రాకపోయినా, రక్తం పడినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. 2019లో మెడికల్ కాలేజీ మొదలైన సూర్యాపేటలో ప్రభుత్వ పెద్దాసుపత్రి ఉంది. వాడుతున్న బిళ్లలన్నీ సంచిలో వేసుకుపోయి డాక్టరుకు చూపించండి.