వంద శాతం ఫ్లెక్సీ వెనక ఆరో తరగతి

ఏప్రిల్ నెలాఖరున పదో తరగతి ఫలితాలు వచ్చీ రాగానే మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఒక మాట బయలుదేరుతుంది: ‘ఆ హైస్కూల్లో ఈసారి ఇంతమంది తప్పినారంట, ఇంక ఆ బడి పనైపోయినట్టే.’ మాట అక్కడితో ఆగితే పోనీలే అనుకోవచ్చు. కానీ జూన్ రెండో వారంలో బడులు తెరిచేసరికి ఆరో తరగతిలో చేరాల్సిన పిల్లల టీసీలు ఇంకో బడికి చేరిపోతుంటాయి. పదో తరగతిలో ఎవరో లెక్కలు తప్పడానికీ, ఐదు ముగించి ఆరులో అడుగుపెట్టబోయే మీ అమ్మాయికీ సంబంధమేమిటని అడిగేవాళ్లు కనిపించరు. ప్రభుత్వ బడిలో టీచర్ పోస్టులు నిలిచేది పిల్లల సంఖ్య మీద. సంఖ్య తగ్గితే సెక్షన్ పోతుంది, సెక్షన్ పోతే రేషనలైజేషన్‌లో లెక్కల సారో సైన్సు మేడమో ఇంకో ఊరికి వెళ్లిపోతారు. అప్పుడు ఆ బడి నిజంగానే దెబ్బ తింటుంది. ‘మేం ముందే చెప్పలేదా’ అని మొదట పుకారు లేపినవాళ్లే తలాడిస్తారు. తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే పుట్టించుకునే అబద్ధం ఇది. అందుకే దీన్ని కాస్త తీరిగ్గా విప్పాలి.

ఉత్తీర్ణత శాతమే బడి నాణ్యతకు కొలత అనుకుందాం. రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 2019లో 94.88 శాతం. 2020లో, 2021లో కోవిడ్ వల్ల పరీక్షలే జరగలేదు, అందరినీ పాస్ చేశారు. 2022లో 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఈ లెక్క ప్రకారం మన బడులకు స్వర్ణయుగం ఏదయ్యా అంటే, గేట్లకు తాళాలు పడిన ఆ రెండేళ్లే! తాళం తీసి పాఠం చెప్పడం మొదలుపెట్టాక నాణ్యత మూడో వంతు పడిపోయిందన్నమాట. రెండేళ్లలో అంత మరిచిపోయిన టీచర్లే ఆ తర్వాత రెండేళ్లలో దాదాపు 20 శాతం జ్ఞానం తిరిగి సంపాదించుకున్నారని నమ్మేవాళ్లుంటే నమ్మొచ్చు. జరిగింది వేరు. ప్రశ్నపత్రాల సంఖ్య మారింది, ఇంటర్నల్ మార్కులు పోయాయి, పరీక్ష రాసిన పిల్లలు అంతకుముందు చాలాకాలం తరగతి ముఖం చూడలేదు. అంటే ఆ శాతం కొలిచేది ప్రశ్నపత్రాన్నీ, ఆ ఏటి పరిస్థితినీ, పరీక్షకు కూర్చున్న పిల్లల్నీ. బడి వాటా అందులో ఎక్కడో ఉంటుంది, దాన్ని విడదీసి చూపే శక్తి ఆ అంకెకు లేదు. ఒక్కో బడికి వచ్చేసరికి ఇది ఇంకా అన్యాయం. పదిలో 40 మంది ఉన్న హైస్కూల్లో ఒక్క పిల్లవాడు తప్పితే రెండున్నర శాతం పోతుంది. నిరుడు 90, ఈ ఏడు 80 అంటే నలుగురు పిల్లలు. ఆ నలుగురిలో ఇద్దరు పరీక్షల ముందు జ్వరాన పడినా ఫలితం పడిపోయిందనే అంటాం.

పరీక్షకు కూర్చున్నదెవరు అనే ప్రశ్న ఈ ప్రాంతంలో మరీ ముఖ్యం. మదనపల్లె టమోటా మార్కెట్ తెలిసినవాళ్లకు వేరే ఉపమానం అక్కర్లేదు. ఏరి పేర్చిన మొదటి రకం క్రేటు చూపించి తోట ఎట్లాంటిదో తేల్చమంటే ఏ రైతైనా నవ్వుతాడు. బడుల విషయంలో మాత్రం మనం చేస్తున్నది అదే. వలసపల్లెలో నవోదయ ఉంది, కలికిరిలో సైనిక్ స్కూల్ ఉంది, మోడల్ స్కూళ్లు, గురుకులాలు ఉన్నాయి. ఐదో తరగతి ముగిసేనాటికి ప్రవేశ పరీక్ష పెట్టి చురుకైన పిల్లల్ని ఇవి ఏరుకుంటాయి. అందులో తప్పేం లేదు, అవి పుట్టిందే అందుకు. కాస్త ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లల్ని ప్రైవేటు బడులు తీసుకుంటాయి. మిగిలినవాళ్లందరూ జెడ్పీ హైస్కూలుకు వస్తారు, అది ఎవరినీ కాదనకూడదు. ఎవరిని చేర్చుకోవాలో ఎంచుకునే బడినీ, గడప తొక్కిన ప్రతి బిడ్డనూ చేర్చుకునే బడినీ ఒకే త్రాసులో వేసి, మొదటిది బరువు తూగిందని చెప్పడానికి ఫ్లెక్సీ ఎందుకు? దీనికి రెండో ముఖం కూడా ఉంది. పదిలో వంద శాతం చూపించిన బడిలో, ఆ పిల్లలు ఆరులో చేరినప్పుడు ఎంతమంది? ఈ నాలుగేళ్లలో ఎవరు రాలిపోయారు? కూలికి తల్లిదండ్రులతో బెంగళూరు వెళ్లిన కుప్పం పిల్లవాడు, పనుల సీజన్‌లో బడి మానేసిన పిల్ల పరీక్షే రాయరు కాబట్టి తప్పినవాళ్ల లెక్కలోకి రారు. వాళ్లను పట్టి నిలిపిన బడికి శాతం తగ్గుతుంది, వదిలేసిన బడికి పెరుగుతుంది. ఈ కొలత ఎవరికి శిక్ష వేస్తోందో చూడండి.

ఇంతవరకూ ఒప్పుకున్నా ఒక ఆక్షేపణ మిగులుతుంది: ‘ఏరుకుంటే ఏరుకోనీ, ప్రైవేటు బడిలో చదివిన పిల్లలకే మార్కులు ఎక్కువ కదా, చదువు అక్కడే బాగున్నట్టు కాదా?’ దీనికి జవాబు ఊహలతో చెప్పాల్సిన పని లేదు. 2008లో మొదలుపెట్టి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నడిపిన ప్రయోగం ఉంది. ప్రభుత్వ బడి పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవాళ్లకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. లాటరీ కాబట్టి అమ్మానాన్నల చదువు, ఆస్తి, పట్టుదల రెండు వైపులా సమానం. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ తేడా లేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు. వాళ్లు ప్రాథమిక పాఠశాలల పిల్లలే, నిజమే. అయినా మొదట కనిపించే మార్కుల తేడాలో ఇంటి వాటా ఎంత, బడి వాటా ఎంత అని ఆరేళ్ల పిల్ల విషయంలోనైనా, పన్నెండేళ్ల పిల్ల విషయంలోనైనా అడగాల్సిందే.

అదే పరిశోధన ప్రైవేటు బడుల పక్షాన కూడా ఒక గట్టి మాట చెప్పింది. మింగుడు పడకపోయినా రాయాలి. ఆ బడులు ఒక్కో పిల్లవాడి మీద ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా, తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం ఇస్తూనే అదే ఫలితం తెచ్చాయి. కారణాల్లో ఒకటి మన ఊళ్లలో ఎప్పటినుంచో అంటున్నదే: ‘ప్రైవేటులో అయ్యోరు బడికొస్తాడు.’ దీన్ని అపోహల జాబితాలో వేసి చేతులు దులుపుకోవడానికి నాకు వీలు లేదు. 2003లో దేశమంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు చెప్పాపెట్టకుండా వెళ్లి చూసిన సర్వేలో నలుగురు టీచర్లలో ఒకరు బడిలో లేరు. 2010లో పల్లెల్లో మళ్లీ చూస్తే పెద్దగా మారింది లేదు. ఇప్పుడు మన దగ్గర ముఖం చూపించి హాజరు వేసే యాప్ ఉంది. గేటు దాటి లోపలికి రావడాన్ని అది పట్టుకుంటుంది, తరగతి గదిలోకి వెళ్లారా లేదా అన్నది దానికి తెలియదు. బడికి వచ్చిన టీచరు చేత ఫోటోలు, వివరాలు అప్‌లోడ్ చేయించడంలో పీరియడ్ కరిగించేదీ ఆ ఫోనే. కాబట్టి ఈ అనుమానం తల్లిదండ్రుల తప్పు కాదు. తప్పల్లా, ఆ అనుమానాన్ని పదో తరగతి శాతంతో తీర్చుకోవాలనుకోవడంలో ఉంది.

‘శాతం సంగతి వదిలేయండి, ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కులతోనే కదా వచ్చేది’ అని ఇంకొందరు నిలదీస్తారు. వస్తుంది, ప్రభుత్వ బడి పిల్లలకు అదనంగా కొన్ని మార్కులు కలుపుతారు కూడా. పది మార్కులు ముఖ్యం కాదని ఎవరూ అనడం లేదు. అయితే ఆ మార్కులు పదో తరగతిలో పుడతాయనుకోవడం అమాయకత్వం. భిన్నాలు, రుణ సంఖ్యలు, అక్షరాలతో లెక్క చేయడం పిల్లల మీదికి వచ్చేది ఆరు, ఏడు తరగతుల్లో. అక్కడ చెయ్యి జారినవాణ్ని పదిలో స్లిప్ టెస్టులతో 35 దాటించవచ్చు, ఇంటర్ ఎంపీసీలో మాత్రం నిలబెట్టలేం. ఆరో తరగతి టీచరు చేతికి ఎట్లాంటి పిల్లలు వస్తున్నారో కూడా చూడాలి. అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లె ప్రభుత్వ బడుల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 38.5 శాతం, 2024లో 44.8 శాతం. సగానికి పైగా పిల్లలు రెండో తరగతి పాఠమైనా చదవలేకుండానే హైస్కూల్ మెట్లెక్కుతున్నారు. వాళ్లను ఎనిమిది దాటేలోపు ధారాళంగా చదివేట్టు, భాగహారం తప్పు లేకుండా చేసేట్టు తీర్చిన బడి అసలైన పని చేసినట్టు. ఆ పని ఏ ఫ్లెక్సీ మీదా ఎక్కదు. పైగా అందరూ ఫలితం ఫలితం అని వెంటపడితే హెడ్మాస్టరు ఏం చేస్తారు? డిసెంబరు వచ్చేసరికి పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక, గట్టి టీచర్లందరూ అటువైపు. ఆరో తరగతిలో ‘చదువుకోండి, గలాటా చేయకండి.’ నాలుగేళ్ల తర్వాత అదే పిల్లలు పదికి వస్తారు, వాళ్లకు మళ్లీ వంద రోజులు!

మిగతా అపోహలకు ఇంత సిరా దండగ. టై, బెల్టు, బూట్లు చదువు చెప్పవు. గోడకు రంగు వేస్తే బడి అందమవుతుంది, అంతే. హోంవర్కు బరువు పిల్ల చదువును కాదు, అమ్మ ఓపికను కొలుస్తుంది. ‘టెక్నో’, ‘కాన్సెప్ట్’, ‘ఒలింపియాడ్’ అనేవి బోర్డు రాసేవాడికి అదనపు కూలి. ఇంగ్లీషు మీడియం కోసమే ప్రైవేటుకు పోవాలన్న వాదన, ప్రభుత్వ బడి పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు అచ్చయిన రోజే ముగిసింది. ఇక సీబీఎస్ఈ అంటారా, 2022లో వెయ్యి ప్రభుత్వ బడులకు ఆ పేరు తగిలించి, పిల్లల స్థాయి అందుకు సరిపోవడం లేదని 2024లో మళ్లీ రాష్ట్ర బోర్డు పరీక్షకే తిప్పారు. బోర్డు మారింది, ఆరో తరగతి పాఠం మారలేదు.

అయితే దేన్ని చూడాలి? ఒక్క అంకె చెప్పమంటే చెప్పలేను. పరఖ్ లాంటి జాతీయ సర్వేలు 3, 6, 9 తరగతుల పిల్లల్ని పరీక్షిస్తాయి గానీ అవి జిల్లా సగటు కోసం, మీ వీధి చివరి బడి గురించి చెప్పవు. ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ ఉపకార వేతన పరీక్ష ఉంది, ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు. అక్కడ కూడా ఎంతమంది గెలిచారని కాకుండా, ఎనిమిదిలో ఉన్నవాళ్లలో ఎంతమంది చేత రాయించారని అడగండి. ఐదుగురిని ఏరి కోచింగ్ ఇచ్చిన బడి, తరగతినంతా కూర్చోబెట్టిన బడి ఒకటి కావు. మదనపల్లె పక్కనే రిషివ్యాలీ ఉంది. దాన్ని ధనవంతుల హాస్టల్ స్కూలుగానే చాలామంది ఎరుగుదురు. చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం తయారుచేసిన నిచ్చెన పద్ధతిని తమిళనాడు, కర్ణాటక తమ ప్రాథమిక బడులకు తీసుకెళ్లాయి. పక్కవాడితో పోలిక ఉండదు, ప్రతి పిల్లా తన నిచ్చెనలో నిరుడు ఏ మెట్టు మీద ఉంది, ఇప్పుడు ఏ మెట్టు అన్నదే లెక్క. మీరు అడగాల్సిందీ అదే. జూన్‌లో మీ పిల్ల చేత ఎన్నడూ చూడని పేరా ఒకటి చదివించండి, ఒక భాగహారం చేయించండి, కాగితం దాచండి. మార్చిలో మళ్లీ చేయించండి. కుప్పం వైపు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలకూ, మదనపల్లె, పుంగనూరుల్లో ఉర్దూ ఇళ్ల పిల్లలకూ జూన్‌లో తెలుగు తడబడటం తెలివితక్కువ కాదు. మార్చికి కూడా అంతే తడబడితే మాత్రం బడిని ప్రశ్నించాలి.

నోటు పుస్తకం తెరవండి. టిక్కు పెట్టి సంతకం చేయడం దిద్దడం కాదు. తప్పు దగ్గర గుర్తు, పక్కన పిల్ల మళ్లీ రాసిన జవాబు ఉందా చూడండి. తరగతిలో అందరి జవాబూ ఒకే మాటల్లో ఉంటే అది గైడు చేతివాటం. ఆరో తరగతికి లెక్కలు చెప్పేది ఎవరని టైంటేబుల్ అడగండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒక టీచరు ఉండాలి, సైన్సు-లెక్కలకూ, సాంఘికానికీ, భాషలకూ విడివిడిగా టీచర్లుండాలి, ఏడాదికి 220 పనిదినాలు నడవాలి. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. అది కొడితే పిల్లలెందరు, టీచర్లెందరు, మరుగుదొడ్లెన్ని అన్నీ ఫోన్లోనే కనిపిస్తాయి. అందులో నాలుగేళ్ల కిందటి ఆరో తరగతి సంఖ్య, ఇప్పటి పదో తరగతి సంఖ్య పక్కపక్కన పెట్టుకోండి, ఎవరు రాలిపోయారో అదే చెబుతుంది. ఆడపిల్లల మరుగుదొడ్డికి లోపలి గడియ ఉందా, నీళ్లు వస్తున్నాయా అన్నది కాగితంలో ఉండదు, మీ అమ్మాయిని అడగాలి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లుండాలి. ఆ కుర్చీలు సంతకాల కోసం వేసినవి కావు.

ఒక్క మాట, ఇవన్నీ అడగడానికి మెగా పేరెంట్స్ మీటింగ్ రోజు పోవద్దు. ఆ రోజు ముగ్గులుంటాయి, మైకుంటుంది, పిల్లలు బాగానే కనిపిస్తారు. నవంబరులో ఏదో ఒక మంగళవారం, మధ్యాహ్న భోజనం అయ్యాక పోయి, ఆరో తరగతి గదిలో ఎవరున్నారో చూసి రండి.