పేరు లేని కుంచెలు

మొక్క పేరు తెలీకపోతే ఫోన్ తీసి స్కాన్ చేసేస్తాం. మరి కెమెరానే లేని రోజుల్లో? ఆ పని చిత్రకారులది. మన సామర్లకోటలోనూ అది జరిగింది!

ఈస్టిండియా కంపెనీ డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ 1780ల్లో అక్కడ ఉంటూ భారతీయ చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు. అందంగా గీస్తే చాలదు. పువ్వును విప్పి కేసరాలు, కాయ, గింజ విడివిడిగా చూపించాలి. అప్పటి లిన్నేయస్ పద్ధతిలో కేసరాల లెక్కను బట్టే మొక్క ఏ తరగతిదో తేల్చేవారు. లండన్‌లో కూర్చున్న శాస్త్రవేత్తకు ఆ బొమ్మే ఆధారం మరి.

అలా వేయించిన వాటిలో 300 బొమ్మలు 1795-1820 మధ్య 'ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్' పేరుతో మూడు సంపుటాలుగా వచ్చాయి. మొక్కల తెలుగు పేర్లూ అందులో చేరాయి. మన సోమిద చెట్టు శాస్త్రీయ నామంలోని 'సోయ్‌మిడా' తెలుగు నుంచి వెళ్లిందే. చెట్ల పేర్లు నిలిచాయి.. గీసినవాళ్ల పేర్లే లేవు.

ఫొటోలో ఒక్క మొక్కే పడుతుంది. బొమ్మలో మొగ్గ నుంచి గింజ దాకా ఒకేచోట చూపొచ్చు. అందుకే సైంటిఫిక్ ఇలస్ట్రేషన్‌కి ఇప్పటికీ పని ఉంది. బయాలజీ, బొమ్మలు రెండూ ఇష్టమా? బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఆ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది, ఓ లుక్కేయండి. ఆఫర్ వస్తే మాత్రం పారితోషికంతో పాటు ఇంకోటీ అడగండి.. 'నా పేరు వేస్తారా?' అని.