మునిగిన మడుల్లో వలస పక్షులు

అండమాన్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్. 2024లో దానికి శ్రీ విజయ పురం అని పేరు మార్చారు. నగరం దాటి కొద్ది దూరం వెళితే సిప్పీఘాట్ వస్తుంది. అక్కడ రోడ్డు పక్కనే విశాలంగా పరచుకొన్న నీరు, నడుమ బురద మేటలు. సెప్టెంబరు చివరలో, వాన తెరిపి ఇచ్చిన మధ్యాహ్నాల్లో, పక్షిప్రియులు దుర్భిణులతో, కెమెరాలతో ఇక్కడికి వస్తారు.

ఈ నీటి అడుగున ఒకప్పుడు పొలాలుండేవి. 2004 డిసెంబరు 26న సుమత్రా తీరాన సంభవించిన మహాభూకంపంలో ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి, పగడపు దిబ్బలు బయటపడ్డాయి. దక్షిణాన మాత్రం నేల దాదాపు ఒక మీటరు కుంగింది. సునామీ అలలు మరలిపోయినా, పల్లపు పొలాల్లోకి ఉప్పునీరు రావడం ఆగలేదు. వరి పండే నేల చిత్తడినేలగా మారిపోయింది.

రైతు పోగొట్టుకొన్నది పక్షికి దక్కింది. ఆటు వేళ నీరు తీయగానే బురద తేలుతుంది. అందులోని పురుగులు, నత్తలు, చిన్న పీతలు పక్షులకు ఆహారం. సైబీరియా టండ్రాల్లో పిల్లలను పెంచే పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్ వేలాది కిలోమీటర్లు ఎగిరి, ఈ రోజుల్లోనే దీవులకు చేరుకొంటుంది. ముందుగా వచ్చిన వాటి పొట్టమీద వేసవినాటి నలుపు ఇంకా మచ్చలుగా కనిపిస్తుంది. కిందికి వంగిన పొడవాటి ముక్కుతో విమ్‌బ్రెల్ బురదను వెదకుతుంది. తెల్లకొంగలు నీటి అంచున కదలక నిలుస్తాయి.

అయితే అందరి కళ్లూ వెదకేది అండమాన్ టీల్‌ను. గోధుమ వన్నె బాతు. కంటి చుట్టూ తెల్లని వలయం. ఈ ద్వీపసముదాయంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా అది నివసించదు. వలస పక్షికి ఒక మడుగు ఎండితే మరో తీరం ఉండవచ్చు. దీనికి ఈ దీవులే దిక్కు.

ఛాయాగ్రాహకుడికి వ్యవధి తక్కువ. దేశమంతటికీ ఒకే గడియారం కావడంవల్ల ఇక్కడ ఈ నెలాఖరున సాయంత్రం అయిదుంబావుకే సూర్యుడు అస్తమిస్తాడు. మూడున్నర నుంచి వెలుగు మెత్తబడుతుంది. గడియారంతోపాటు పోటునూ గమనించాలి; నీరు పెరిగేకొద్దీ పక్షులు మెరకకు చేరి, రోడ్డుకు దగ్గరవుతాయి. అప్పుడు వాటి వెంటపడరాదు. సుదీర్ఘ ప్రయాణంలో కొవ్వు కరిగిపోయిన పక్షిని ఒక ఫోటో కోసం లేపితే, మిగిలిన శక్తి కూడా ఖర్చవుతుంది. వాహనంలో నిశ్శబ్దంగా కూర్చొని చూడడం ఉత్తమం.

దీవుల్లో చదునైన నేల బహు స్వల్పం. నగరం పెరిగేకొద్దీ ఇటువంటి పల్లాలను పూడ్చి ఇళ్లు, దుకాణాలు కట్టాలన్న ఒత్తిడి తప్పదు. భూమి కోల్పోయిన కుటుంబాల నష్టం చిన్నది కాదు. పక్షుల పేరిట దానిని మరువడం న్యాయం కాదు. కాని కుంగిన నేలను మట్టితో కప్పినంత మాత్రాన పాత పొలం తిరిగి రాదు. ఉన్న బురద మాత్రం పోతుంది. దానితోపాటు తెల్లని కంటివలయపు బాతుకు ఉన్న కొద్ది చోట్లలో ఒకటి తగ్గిపోతుంది.